విదేశంలో పుట్టిన బిడ్డకు బాప్తిస్మం: తేదీ కంటే ముందు తేల్చుకోవాల్సినవి

కొత్తగా వచ్చిన క్రైస్తవ కుటుంబాల్లో బిడ్డ పుట్టగానే తరచూ వినిపించే ప్రశ్న: "అమ్మమ్మా తాతయ్యా తిరిగి వెళ్ళేలోపు బాప్తిస్మం ఎక్కడ ఇప్పించాలి?" ఎక్కడ అన్నది తర్వాత చూద్దాం. ఆ నీళ్ళు బిడ్డ తలమీద పడినప్పుడు ఏం జరుగుతుందని మీరిద్దరూ నమ్ముతున్నారో ముందు కూర్చుని మాట్లాడుకోండి. ఏ సంఘానికి వెళ్ళాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఏ కాగితాలు కావాలి అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

చంటిబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చే సంఘాలన్నీ ఒక మాట మీద కలుస్తాయి. మొదటి అడుగు దేవుడిది. బిడ్డ ఏమీ అడగలేదు, దేన్నీ ఒప్పుకోలేదు. అయినా కృప తనంతట తానే బిడ్డ దగ్గరికి వచ్చింది. బిడ్డ నోరు విప్పి చెప్పలేని విశ్వాస ప్రమాణాన్ని తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (గాడ్‌పేరెంట్స్), సంఘం కలిసి పలుకుతారు. ఆ పలికిన మాట మీద బిడ్డను పెంచుతామని అందరి ముందు పూచీ పడతారు.

అక్కడి నుంచి దారులు వేరవుతాయి. కతోలికులు జ్ఞానస్నానం అని పిలిచే ఈ బాప్తిస్మం వారికి జన్మపాపాన్ని కడిగి, బిడ్డను దేవుని బిడ్డగా తిరిగి పుట్టించే సంస్కారం. అందుకే 1983 నాటి చర్చి చట్టం, 867వ నిబంధనలో, పుట్టిన మొదటి కొద్ది వారాల్లోనే ఇప్పించమంటుంది. లూథరన్లు కూడా నీటిలో, వాక్యంలో పనిచేసేది దేవుడేనంటారు. పిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన తొమ్మిదో అధికరణంలోనే ఉంది. ప్రెస్బిటేరియన్, రిఫార్మ్డ్ సంఘాల ఆలోచన దేవుడు తన ప్రజలతో చేసుకున్న నిబంధన, అంటే ఒడంబడిక, చుట్టూ తిరుగుతుంది. అబ్రాహాము ఇంట ఎనిమిదో రోజు సున్నతి ఎలాగో, క్రీస్తు ఇంట బాప్తిస్మం అలాగని ఆదికాండం 17నూ కొలొస్సయి 2:11-12నూ కలిపి చదువుతారు. ఆర్థడాక్స్ సంఘాల్లో బిడ్డను మూడుసార్లు నీటిలో ముంచి, వెంటనే తైలాభిషేకం చేసి, ప్రభువు సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం) కూడా ఇచ్చేస్తారు.

బాప్టిస్టులు, బ్రదరన్, పెంతెకొస్తువారిలో చాలామంది చంటిబిడ్డల బాప్తిస్మాన్ని ఒప్పుకోరు. నమ్మి బాప్తిస్మం పొందినవాడు అని మార్కు 16:16లో నమ్మకం ముందొచ్చింది కదా అంటారు. లూదియ, ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివారితో సహా బాప్తిస్మం పొందారని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో ఉన్నా, ఆ ఇళ్ళలో చంటిపిల్లలు ఉన్నారని ఎక్కడా రాసిలేదు అంటారు. ఆ మాట నిజమే. ఆ వాగ్దానం మీకూ మీ పిల్లలకూ అని అదే గ్రంథం 2:39లో ఉందని అవతలివారు అంటారు. అదీ నిజమే. ఈ వాదం మన తరంలో పుట్టింది కాదు. దాదాపు 200వ సంవత్సరంలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత పిల్లల బాప్తిస్మాన్ని వాయిదా వేయడమే మేలని రాశాడు. వద్దనాల్సి వచ్చిందంటే అప్పటికే ఆ ఆచారం ఉందన్నమాట. మరో యాభై ఏళ్ళకు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో బిషప్పు సిప్రియన్, తోటి బిషప్పులు ఎనిమిదో రోజు దాకా కూడా ఆగనక్కర్లేదన్నారు. 1525లో జ్యూరిక్‌లో కొందరు, చిన్నప్పుడు పొందినది చెల్లదంటూ మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నారు. కాబట్టి ఇక్కడ కొత్త సంఘంలో విన్న నాలుగు వాక్యాలతో ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళకు బైబిలు తెలియదని తేల్చేయకండి. పెద్దవాళ్ళ మాట కాదనలేక, మీకు నమ్మకం లేని దాన్ని బిడ్డకు చేయించనూ వద్దు.

ఇద్దరూ చెరో సంఘం నుంచి వచ్చినవారైతే, బిడ్డ ప్రతిష్ఠతో, అంటే బిడ్డను దేవుడికి అప్పగించే ప్రార్థనతో, మధ్యేమార్గం దొరుకుతుందని చాలామంది అనుకుంటారు. ప్రతిష్ఠ మంచి ప్రార్థనే, కానీ బాప్తిస్మం కాదు. అందులో నీళ్ళు లేవు, బాప్తిస్మం ఇస్తున్నానన్న మాటా లేదు. ఆ సర్టిఫికెట్ తీసుకెళ్ళి కతోలిక విచారణలో, అంటే స్థానిక చర్చిలో, చూపిస్తే బాప్తిస్మంగా లెక్కలోకి రాదు. శిశు బాప్తిస్మాన్నీ ప్రతిష్ఠనూ రెంటినీ ఒప్పుకుని, నిర్ణయం తల్లిదండ్రులకే వదిలే సంఘాలు కూడా ఉన్నాయి. నజరేన్ సంఘం అలాంటిదే.

సంఘం వెతికేటప్పుడు బోర్డు మీది పేరొక్కటే చూడకండి. సిఎస్ఐ (దక్షిణ భారత సంఘం) నుంచి వచ్చినవారికి ఆంగ్లికన్ చర్చి బంధువుల ఇల్లు, ఎందుకంటే సిఎస్ఐ ఆంగ్లికన్ కూటమిలో పూర్తి సభ్యత్వం ఉన్న సంఘం. మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ సంఘాలు కూడా మీకు కొత్తగా అనిపించవు, 1947లో సిఎస్ఐలో కలిసినవాటిలో ఆ పాయలు ఉన్నాయి. లూథరన్లకు లూథరన్ చర్చి ఎలాగూ ఉంది.

ఇక తేదీ సంగతి. ముందు సంఘంలో పేరు నమోదు చేయించుకోండి. బిడ్డ పుట్టకముందే చేయించుకుంటే ఇంకా మంచిది. తల్లిదండ్రులకు తయారీ తరగతులు ఉంటాయి, వాటిని గర్భంతో ఉన్నప్పుడే పూర్తి చేసుకోవచ్చు. తపస్సుకాలంలో, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల్లో, చాలా విచారణల్లో బాప్తిస్మాలు పెట్టరు. అమ్మానాన్నల టికెట్లు కొనేముందు ఈ సంగతి కనుక్కోండి. ఆదివారాలు రాకుండా, తేదీ కోసం మాత్రమే ఫోన్ చేసే కుటుంబాన్ని పాస్టరు గారు కాస్త ఆగమంటే నొచ్చుకోకండి. బిడ్డ విశ్వాసంలో పెరుగుతుందన్న ఆశ బొత్తిగా లేకపోతే వాయిదా వేయాలని కతోలిక చట్టం 868వ నిబంధనే చెబుతోంది. అదే నిబంధన ప్రకారం తల్లిదండ్రుల్లో కనీసం ఒకరి సమ్మతి ఉండాలి. అంటే భార్యాభర్తల్లో ఒకరు హిందువైనా, ముస్లిమైనా బిడ్డ బాప్తిస్మానికి అడ్డు లేదు.

ఎక్కువమంది తడబడేది జ్ఞాన తల్లిదండ్రుల దగ్గర. కతోలికుల్లో ఒక్కరైనా చాలు. ఇద్దరైతే ఒక పురుషుడు, ఒక స్త్రీ. మామూలుగా పదహారేళ్ళు నిండి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), దివ్యసత్ప్రసాదం (ప్రభువు సంస్కారం) పొందినవారై ఉండాలి, బిడ్డ కన్నవారు కాకూడదు. వేరే సంఘంలో బాప్తిస్మం పొందిన స్నేహితుణ్ణి ఒక కతోలికుడి పక్కన సాక్షిగా నిలబెట్టవచ్చు. బాప్తిస్మం లేనివారికి ఈ రెండు స్థానాలూ కుదరవు. వారికి వేరే గౌరవం ఇవ్వండి. ఇంగ్లండు చర్చిలో కనీసం ముగ్గురు కావాలి, బిడ్డ మగైతే ఇద్దరు మగవారు, ఆడైతే ఇద్దరు ఆడవారు. అంతమంది దొరకనప్పుడు ఒక పురుషుడు, ఒక స్త్రీ సరిపోతారు. జ్ఞాన తండ్రి వేరే దేశంలో ఉంటే ప్రతినిధిని నిలబెట్టే వీలుందేమో అడగండి. ఆయన విచారణ గురువు నుంచి ఉత్తరం తెప్పించుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

ముఖ్యంగా కతోలిక ఆరాధనలో పొరపాటు జరగకూడనివి రెండు: నీళ్ళు, మాటలు. నీళ్ళు తల చర్మాన్ని తాకి పారాలి. ఒత్తైన జుట్టు మీద తడి వేలితో రాస్తే సరిపోదు. నీళ్ళు పోసే మనిషే, పోస్తూనే, తండ్రియొక్క, కుమారునియొక్క, పరిశుద్ధాత్మయొక్క నామంలో నేను నీకు బాప్తిస్మం ఇస్తున్నానని పలకాలి. ఊళ్ళోని పాస్టరు గారు వీడియో కాల్‌లో మాటలు పలికితే ఇక్కడ తాతగారు నీళ్ళు పోయడం కుదరదు. ఆయన్ను వీడియోలో ప్రార్థన చేయమనండి, హాయిగా సరిపోతుంది. "నేను" బదులు "మేము" అని పలికితే కతోలికుల్లో చెల్లదని 2020 ఆగస్టులో వాటికన్ తేల్చింది. అది విన్నాక అమెరికాలో ఒక యువ ఫాదర్ తన పాత వీడియోలో "మేము" అని విని, బాప్తిస్మం నుంచి గురుపట్టాభిషేకం దాకా అన్నీ కొత్తగా పొందాల్సి వచ్చింది.

మిగతావి చిన్న విషయాలు. బిడ్డకు ముందే పాలిచ్చి తీసుకెళ్ళండి. గోరువెచ్చని నీళ్ళు అడగడంలో తప్పులేదు. కతోలిక ఆరాధనలో నూనె పూస్తారు, పట్టుబట్టల మీద మరక పోదు, కాబట్టి మెడ వదులుగా ఉన్న నూలు చొక్కా వేయండి.

బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉండి పరిస్థితి బాగోలేకపోతే దేనికోసమూ ఆగవద్దు. ఆస్పత్రి చాప్లిన్‌ను, అంటే అక్కడ ప్రార్థనలు చూసే పాస్టరును, పిలవమనండి. ఆ వ్యవధి కూడా లేకపోతే, కతోలికుల్లోనూ మరికొన్ని సంఘాల్లోనూ, సంఘం చేసే పనే చేస్తున్నామన్న ఉద్దేశంతో ఎవరైనా, నర్సైనా ఇవ్వవచ్చు. శుభ్రమైన నీళ్ళు కొద్దిగా తలమీద పోసి ఆ మాటలు పలికితే చాలు. బిడ్డ కోలుకున్నాక సంఘానికి చెప్పి, సాక్షి పేరుతో నమోదు చేయించండి. మిగిలిన క్రమాన్ని పూర్తిచేస్తారు గానీ మళ్ళీ నీళ్ళు పోయరు. నీళ్ళు అందకముందే బిడ్డ వెళ్ళిపోతే, ఆ బిడ్డ దేవుడికి దూరమైందని ఎవరు చెప్పినా నమ్మకండి. అలాంటి బిడ్డలకు రక్షణ ఉందని ఆశపడటానికి బలమైన కారణాలున్నాయని 2007లో వాటికన్ దైవశాస్త్ర సంఘమే రాసింది.

సర్టిఫికెట్‌లో పేరు జనన ధ్రువపత్రంలో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా రాయించండి. ఇంటిపేరు ముందా వెనకా, ఒక్క అక్షరమా పూర్తి పేరా అన్నది మన కుటుంబాల్లో తరచూ తేడా పడేచోటు. ఇది జనన ధ్రువపత్రానికి బదులు కాదు. కానీ నిర్ధారణకూ (కన్ఫర్మేషన్‌కు), కతోలికులైతే పెళ్ళికీ అడుగుతారు. పెళ్ళప్పుడు మామూలుగా ఆరు నెలల్లోపు తీసిన కొత్త ప్రతి కావాలంటారు, దాన్ని ఇచ్చేది బాప్తిస్మం జరిగిన చర్చే. ఇల్లు మారినా, దేశం మారినా ఆ చర్చి పేరు, చిరునామా, తేదీ, బాప్తిస్మం ఇచ్చినవారి పేరు ఒక కాగితం మీద రాసి, బిడ్డ పాస్‌పోర్టుతో పాటు దాచండి.