‘తయారీ వ్యయం’, ‘తయారైన సరుకు వ్యయం’ ఒకటేనా?

సందేహం: కాస్ట్ అకౌంటింగ్ పాఠాల్లో తయారీ వ్యయం, తయారైన సరుకు వ్యయం, అమ్మిన సరుకు వ్యయం అని కనిపిస్తాయి. ఒకదాని బదులు ఇంకొకటి వాడవచ్చా? స్టోర్స్ నుంచి ముడిసరుకు తీయగానే ‘ఖర్చయింది’ అంటాం కదా, అప్పుడే ఖర్చు రాసేయకూడదా?

సమాధానం: వాడకూడదు. మూడింటికీ మూడు వేర్వేరు అంకెలు వస్తాయి. ‘తయారీ’ అంటే పని జరుగుతోందనే గాని ముగిసిందని కాదు. ‘తయారైన’ అన్నది పని పూర్తయిన సరుకుకే చెల్లుతుంది.

ఒక నెల లెక్క చూడండి. ముడిసరుకు తొలి నిల్వ 40,000, కొనుగోళ్లు 2,10,000, నెలాఖరు నిల్వ 50,000. వాడింది 2,00,000 అన్నమాట. ప్రత్యక్ష కూలి (సరుకును నేరుగా తయారుచేసేవాళ్ల కూలి) 1,20,000, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్లు (ముడిసరుకు, ఈ కూలి కాక ఫ్యాక్టరీలో అయ్యే మిగతా వ్యయాలు) 80,000 కలిపితే తయారీ వ్యయం 4,00,000. తయారీలో ఉన్న సరుకు నెల మొదట్లో 30,000, చివర 45,000. మొదటిది కలిపి రెండోది తీసేస్తే తయారైన సరుకు వ్యయం 3,85,000. చాలామంది ఇక్కడే తిరగేసి 4,15,000 తెస్తారు. ఇక తయారైన సరుకు తొలి నిల్వ 60,000 కలిపి, చివరి నిల్వ 70,000 తీసేస్తే అమ్మిన సరుకు వ్యయం 3,75,000.

ఉత్తగా ‘తయారైన సరుకు’ అని వదిలేసినా చిక్కే. ఆస్తి అప్పుల పట్టీలో అది 70,000, వ్యయపట్టికలో 3,85,000. మొదటి చోట ‘నిల్వ’, రెండో చోట ‘వ్యయం’ తప్పకుండా చేర్చాలి.

ఇక ‘ఖర్చయింది’. వాడుకలో దీనికి డబ్బు పోవడమనీ, వస్తువు వాడకంలో అయిపోవడమనీ రెండర్థాలు. ‘గోడకి పది బస్తాల సిమెంటు ఖర్చయింది’ అన్నప్పుడు రెండోది. ఖాతాల్లో మాత్రం ఈ దశలో ఖర్చనేదే లేదు. ముడిసరుకు ఖాతాకు క్రెడిట్, తయారీలో ఉన్న సరుకు ఖాతాకు డెబిట్: ఒక ఆస్తి తగ్గి మరో ఆస్తి పెరిగింది, లాభంలో చిల్లిగవ్వ తగ్గలేదు. పని పూర్తయ్యాక ఆ విలువ తయారైన సరుకు ఖాతాకు, అమ్మాక అమ్మిన సరుకు వ్యయం ఖాతాకు మారుతుంది. లాభంలోంచి తగ్గేది అప్పుడే. అందుకని ‘ముడిసరుకు తయారీకి ఇచ్చాం’ అని రాయండి. ‘జారీ చేశాం’ అనీ రాస్తున్నారు. తప్పనలేను గాని, జారీ ఉత్తర్వులకే అందం.

యంత్రాలకు వేసే నూనె లాంటి పరోక్ష సామగ్రి నేరుగా తయారీలో ఉన్న సరుకు ఖాతాకు వెళ్లదు, ముందు ఓవర్‌హెడ్ల ఖాతాలో పడుతుంది. ‘జీతాలు’ అన్న మాటతోనూ జాగ్రత్త. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ జీతం ఓవర్‌హెడ్ల మీదుగా సరుకు విలువలో కలుస్తుంది; అమ్మకాల సిబ్బంది జీతం అచ్చంగా ఆ నెల ఖర్చే, లాభనష్టాల ఖాతాకు పోతుంది. ఎవరి జీతమో రాయకపోతే ఏ ఖాతాకు వేయాలో తేలదు.