పొద్దుటి ఆటకి గాలి బాగుంటుందా? అంచనాను ఎలా చదవాలి

మహారాష్ట్రలోని బల్లార్షా శివారు మైదానంలో పిల్లలకి పొద్దున 6 గంటలకి ప్రాక్టీసు ఉంటే, రేపటి గాలి ఎలా ఉంటుందో ఇవాళే తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. కానీ ఒక్క ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) అంకె చూసి నిర్ణయించకండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో కనిపించేది 24 గంటల సగటు. తెల్లవారుజామున పొగ దట్టంగా పేరుకున్నా, నిన్న మధ్యాహ్నపు మంచి గాలి ఆ అంకెను తగ్గించేస్తుంది. గంటవారీ పీఎం 2.5 (ఊపిరితిత్తుల్లోకి చేరే సన్నటి ధూళి) చూడండి.

యూరప్ వాతావరణ పరిశీలన సేవ కోపర్నికస్ వారి ప్రపంచ గాలి అంచనా 5 రోజుల ముందు వరకు దొరుకుతుంది. అయితే అది మ్యాపును సుమారు 40 కిలోమీటర్ల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒకే అంకె ఇస్తుంది. చంద్రపూర్ థర్మల్ కేంద్రం, బొగ్గు గనులు, మీ మైదానం అన్నీ ఒకే గడిలో పడొచ్చు. అందుకని అంకెను పట్టుకోకుండా, పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే తీసుకోండి.

అసలు చూడాల్సింది రాత్రి గాలి వేగం. డిసెంబరు, జనవరిలో గాలి ఆడని రాత్రి నేల తొందరగా చల్లారి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. కట్టెల పొయ్యి పొగ పైకి పోకుండా చెట్ల ఎత్తులోనే అడ్డంగా పరుచుకుందంటే మూత పడినట్టే. ఎండెక్కితేగానీ అది విడదు, ఆటను 9 తర్వాతకి జరపండి.

ధూళిని కొలిచే చిన్న లేజర్ సెన్సర్ పెడితే టీకొట్టుకి దూరంగా, నీడలో, మనిషి ముక్కు ఎత్తున పెట్టండి. పొగమంచులో నీటి తుంపరల్నీ ధూళిగా లెక్కేస్తుంది, అప్పుడు నమ్మొద్దు. పీఎం 2.5 ఘనపు మీటరుకి 60 మైక్రోగ్రాములు దాటితే పరుగులు తగ్గించండి, 90 దాటితే ఆపేయండి. ఆస్తమా ఉన్న పిల్లల్ని 60 దగ్గరే కూర్చోబెట్టండి.