డిస్ఎస్టీమ్ అంటే అగౌరవమా, చిన్నచూపా?

ఇంగ్లీషులో డిస్ఎస్టీమ్ (disesteem) అంటే ఏంటి, మామూలుగా మాట్లాడేటప్పుడు వాడొచ్చా అని అడిగారు. ఈ మాట దగ్గర నేనొకసారి బోర్లా పడ్డాను, అందుకే రాస్తున్నా.

అనువాదాలు మొదలుపెట్టిన కొత్తలో ఒక పాత వ్యాసంలో ‘హెల్డ్ ఇన్ డిస్ఎస్టీమ్’ అని తగిలింది. ఒక పండితుడి గురించిన వాక్యం. డిస్‌రెస్పెక్ట్‌కి తోబుట్టువే కదా అనుకుని ‘తోటి పండితులు ఆయన్ను అగౌరవపరిచేవారు’ అని రాసేశా. సరిచూసిన పెద్దాయన దాని కింద గీత గీసి, పక్కన ‘ఎప్పుడు? ఏం చేశారు?’ అని రాశారు. మూలం మళ్ళీ చదివితే ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఎదురైతే మర్యాదగా పలకరించేవారు కూడా. ఆయన పాండిత్యం మీద మాత్రం ఎవరికీ గురి లేదు. ‘తోటి పండితులకు ఆయనంటే చిన్నచూపు’ అని మార్చాక వాక్యం కుదురుకుంది.

డిస్‌రెస్పెక్ట్ మాటలోనో చేతలోనో బయటపడుతుంది. డిస్ఎస్టీమ్ మనసులో వేసుకునే లెక్క. కంటెంప్ట్‌లో ఉండే ఈసడింపు కూడా ఇందులో అంతగా ఉండదు. ఎస్టీమ్, ఎస్టిమేట్ రెండూ వెల కట్టడమనే అర్థమున్న ఒకే లాటిన్ మాట నుంచి పుట్టాయి, కాబట్టి ఇది మనిషికి తక్కువ వెల కట్టడం. అన్నట్టు, చిన్నచూపుకి ఇంగ్లీషులో ‘లో రిగార్డ్’ (low regard) అంటారే, ఆ రిగార్డ్ కూడా ఫ్రెంచిలో ‘చూడటం’ నుంచి వచ్చిందే. మనం చిన్నచూపు అన్నట్టే!

నామవాచకంగానూ క్రియగానూ వాడొచ్చు, క్రియగా మరీ అరుదు. ‘ఫాల్ ఇంటు డిస్ఎస్టీమ్’ అంటే చులకనైపోవడం. మనుషులకే కాదు, ఒకప్పుడు వెలిగి ఇప్పుడెవరూ లెక్కచెయ్యని సిద్ధాంతానికో రచనా శైలికో కూడా ఇది చక్కగా అతుకుతుంది. పలికేటప్పుడు ఊనిక చివరి ‘టీమ్’ మీద పడాలి.

మాట్లాడేటప్పుడైతే నేను వాడను. ఒకసారి మెయిల్‌లో పెడితే, చదివినాయన సెల్ఫ్ ఎస్టీమ్ తగ్గిందని చెబుతున్నాననుకుని నన్ను ఓదార్చాడు. ‘లో ఒపీనియన్’ అంటే సరిపోయేది. ‘లుక్ డౌన్ ఆన్’ కూడా ఉంది గానీ, అందులో ‘నేను నీకంటే పైన’ అనే బడాయి కలుస్తుంది. డిస్ఎస్టీమ్‌కి ఆ బడాయి అక్కర్లేదు, మనకంటే పెద్దవాళ్ళ మీదా ఉండొచ్చు. వ్యాసమో సమీక్షో రాస్తూ ఆ తేడా చూపించాల్సొస్తే అప్పుడు వాడండి.