టవరు కళ్లెదుటే ఉంది, ఇంట్లో సిగ్నల్ లేదు: ఎందుకు?

మీరడిగినవి రెండు. నెల్లూరు చిన్నబజారు సందులో, టవరుకు 150 మీటర్ల దూరంలోనే ఉన్నా కింది గదిలో కాల్ ఎందుకు తెగుతోంది? మిద్దె మీద గీతలన్నీ నిండుగా ఉన్నా నెట్ ఎందుకు పాకుతోంది? రెండింటికీ కారణాలు వేరు, మందులూ వేరు.

ముందు కింది గది. టవరు యాంటెన్నా బల్బులా నలుపక్కలా వెలుగు చిమ్మదు, టార్చిలైటులా ఒకవైపే వేస్తుంది. నిలువున దాని బీమ్ మందం 7 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. 30 మీటర్ల ఎత్తున, 4 డిగ్రీలు కిందికి వంచి బిగించారనుకోండి. బీమ్ నడిమి భాగం నేలను తాకేది సుమారు 430 మీటర్ల అవతల. మీ ఇంటికి అది నెత్తి మీదుగా పోతుంది. పది అడుగుల సందుకు రెండు పక్కలా మూడంతస్తుల ఇళ్లుంటే నేరుగా వచ్చే తరంగం అసలే ఉండదు. మిద్దె అంచు దగ్గర వంగినదో, ఎదురు గోడకు కొట్టుకుని తిరిగొచ్చినదో మీకు అందుతుంది. అందుకే టవరు వైపు గోడ కంటే ఎదురింటి గోడ కనబడే కిటికీ దగ్గరే సిగ్నల్ మెరుగ్గా ఉండటం మామూలే.

వంగే గుణం తక్కువ ఫ్రీక్వెన్సీకి ఎక్కువ. అడ్డం లేని చోట కూడా 850తో పోలిస్తే 2300 మెగాహెర్ట్జ్ 8.6 డీబీ (డెసిబెల్, సిగ్నల్ బలాన్ని పోల్చే లెక్క) వెనకబడుతుంది. 3 డీబీ తగ్గితే శక్తి సగం, 10 తగ్గితే పదో వంతు. 9 అంగుళాల ఇటుక గోడ ఇంకో 5 నుంచి 10 డీబీ తింటుంది, కాంక్రీటు స్లాబు 15 నుంచి 20, ఒక్కోసారి అంతకు మించి. ఇనుప షట్టరు దించిన కొట్టులోకైతే సందుల్లోంచి దూరి రావాల్సిందే. పైగా 4జీలో మీ ఫోన్ మామూలుగా గరిష్ఠంగా వేసేది 200 మిల్లీవాట్లు. టవరు మాట మీకు వినబడుతుంది, మీ మాట దానికి చేరదు. కాల్ తెగేది ఎక్కువగా అక్కడే.

ఇక మిద్దె. జపాన్ ఇంజనీరు ఒకుమురా టోక్యోలో తీసుకున్న సిగ్నల్ కొలతల మీద, హటా అనే మరో ఇంజనీరు 1980లో కట్టిన సూత్రం ప్రకారం, 30 మీటర్ల టవరు నుంచి ఊళ్లో దూరం రెట్టింపైతే 10.6 డీబీ పోతుంది. ఆ లెక్క కిలోమీటరు దాటాక, కింద వీధిలో నడిచే మనిషికి. అడ్డం లేకపోతే పోయేది 6 డీబీయే. అంటే వీధిలో చచ్చిపోయే దూరపు టవర్లన్నీ మిద్దె మీద బతికే ఉంటాయి. 4జీలో ఒకే కంపెనీ టవర్లు మామూలుగా ఒకే ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడతాయి. సంతలో పదిమంది ఒకేసారి అరిస్తే గొంతు పెద్దగానే వినబడుతుంది, మాటే అర్థం కాదు. గీతలు చూపేది గొంతును.

కాబట్టి గీతలు నమ్మకండి. ఆండ్రాయిడ్‌లో *#*#4636#*#*, ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేయండి (కొన్ని ఫోన్లలో మొదటిది పనిచేయదు, ప్లేస్టోర్‌లో సెల్ సమాచారం చూపే యాప్‌లున్నాయి). ఆర్‌ఎస్‌ఆర్‌పీ (టవరు గొంతు ఎంత బలంగా అందుతోందో చెప్పే అంకె) మైనస్ 100 కంటే మెరుగ్గా ఉంటే సరే, మైనస్ 115 కంటే కిందికి దిగితే కాల్ కష్టం. ఎస్‌ఐఎన్‌ఆర్ (మిగతా రొదలో ఆ మాట ఎంత స్పష్టంగా ఉందో చెప్పే అంకె) 13 పైన ఉంటే నెట్ పరిగెడుతుంది, సున్నా దగ్గరుంటే పాకుతుంది. కొలిచేటప్పుడు వైఫై ఆపి, ఒక్కోచోట ఫోన్ బల్ల మీద పెట్టి పది సెకన్లు ఆగండి. 1800 మెగాహెర్ట్జ్‌లో సగం తరంగం 8 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. ఆ మాత్రం జరిపినా అంకె 10, 15 డీబీ ఊగొచ్చు. ఒక్క కొలతతో తీర్పు చెప్పకండి.

మిద్దె మీద సిమ్ వేసే 4జీ రౌటర్ పెట్టాలంటే అందరూ చేసే తప్పు, నీళ్ల ట్యాంకు నెత్తిన ఎక్కించడం. దించండి. మెట్లగది గోడను వీపు వెనక పెట్టుకుని, మీకు కావాల్సిన ఒక్క టవరు వైపే చూసేలా బిగించండి. ఆ గోడ మిగతా టవర్లను అడ్డుకుంటుంది. ఆర్‌ఎస్‌ఆర్‌పీ కాస్త తగ్గినా ఎస్‌ఐఎన్‌ఆర్ పెరిగితే మీరు గెలిచినట్టే.

కింది గదికి ఫైబర్ వైఫై ఉంటే ఫోన్‌లో వైఫై కాలింగ్ (కాల్ టవరుకు బదులు వైఫై మీదుగా పోయే ఏర్పాటు) ఆన్ చేయండి, ఇంతకంటే చవకైన దారి లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే బూస్టర్ల జోలికి మాత్రం పోవద్దు. అనుమతి లేకుండా పెడితే నేరం, పైగా అది టవరు వినే వైపున రొద పెంచి వీధి వీధంతా కాల్స్ పాడుచేస్తుంది.