నాలుగు లైట్లూ వెలుగుతున్నాయి, రంపం మాత్రం ఆగిపోతోంది

సందేహం: నా కార్డ్‌లెస్ రంపం బ్యాటరీ మీద నాలుగు లైట్లూ వెలుగుతాయి. బ్లేడు చెక్కలోకి దిగగానే ఆగిపోతుంది. నెలల తరబడి వాడని ఇంకో బ్యాటరీనేమో ఛార్జర్ అసలు తీసుకోవడం లేదు. మంచి బ్యాటరీకి వైర్లతో కలిపితే మళ్లీ లేస్తుందని ఓ వీడియోలో చూశాను. చేయొచ్చా?

జవాబు: వద్దు. ఇదే ప్రశ్న ఇప్పటికి ఎన్నిసార్లు వచ్చిందో! అందుకే ముందు ఆ రెండో బ్యాటరీ సంగతి. బ్యాటరీ ప్యాక్ లోపలుండే లిథియం అయాన్ సెల్ (ఒక్కో చిన్న బ్యాటరీ) ఛార్జ్ మరీ అడుగంటితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తిరిగి ఛార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడపడితే అక్కడ పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. ఛార్జర్ వద్దంటున్నది అందుకే. వైర్లు కలిపితే వెళ్లే కరెంటుకు అదుపుండదు. ఆ రోజు బాగానే పనిచేయొచ్చు కూడా, అదే అసలు టెన్షన్. తర్వాతెప్పుడో మీరు నిద్రలో ఉండగా, ఛార్జింగ్‌లో అంటుకోవచ్చు. లిథియం మంట ఆరినట్టే ఆరి మళ్లీ లేవొచ్చు. టెర్మినల్స్‌కు టేపు వేసి పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇచ్చేయండి, చెత్తబుట్టలో వేయకండి.

ఇక మొదటిది. ఆ లైట్లు మామూలుగా చూసేది ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజీని. 18 వోల్టుల ప్యాక్‌లో 5 సెల్స్ వరుసగా ఉంటాయి, నిండితే 21 వోల్టులు. ఒక్క సెల్ నీరసించినా లోడ్ పడగానే వోల్టేజీ కూలుతుంది, రక్షణ సర్క్యూట్ ఆపేస్తుంది. అయితే బ్యాటరీని తిట్టే ముందు బ్లేడు చూడండి. మొద్దుబారిన బ్లేడు, దానికి పట్టిన చెక్క జిగురు కూడా ఇదే పని చేస్తాయి. బ్యాటరీ తీశాకే బ్లేడు ముట్టుకోండి. టెర్మినల్స్‌లోని రంపపు పొట్టును పొడి బ్రష్‌తో దులపండి. మీది 2 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో పట్టే ఛార్జ్‌కు కొలత) చిన్న ప్యాక్ అయితే మందపు చెక్కకు చాలకపోవచ్చు. 4, 5 ఆంపియర్ అవర్ ప్యాక్‌లలో సాధారణంగా 10 సెల్స్ ఉండి భారం పంచుకుంటాయి.

కొన్ని ప్యాక్‌లలో లోపల చిప్ పెట్టి, ఏ సెల్ చెడిందో దానికి తెలిసినా యజమానికి నాలుగు చుక్కలు చూపించి ఊరుకునే ఈ డిజైన్ నాకు ఒళ్లు మండిస్తుంది. పైగా ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ పరికరానికి పట్టదు. అందుకే జనం ఆ రెండింటినీ కలిపే అడాప్టర్లు కొంటున్నారు. కొన్ని సిస్టమ్స్‌లో బ్యాటరీ అడుగంటకుండా ఆపే ఏర్పాటు పరికరంలోనే ఉంటుంది, బ్యాటరీలో ఉండదు. అడాప్టర్‌తో వేరే పరికరానికి తగిలిస్తే ఆపేవాళ్లెవరూ ఉండరు. మీ రెండో బ్యాటరీ కూడా అలాగే నడిచిందా? ఆ సంగతి మీరు రాయలేదు.