పని ఉందా అని అడగకు, నిన్న ఏం చేశావో అడుగు

నిజామాబాద్,
నవంబరు 2023

చిరంజీవి తల్లికి,

దేశంలో ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో ఇంటింటికీ తిరిగి లెక్కగట్టే పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. కాంట్రాక్టు ఉద్యోగమే కదా అని చిన్నబుచ్చుకుంటున్నావట. జీతం సంగతి నేనేం చేయలేను గాని, పని మాత్రం చిన్నది కాదు. దేశంలో నిరుద్యోగం ఇంత శాతం అని ఢిల్లీలో చెప్పే అంకె నువ్వు ట్యాబ్‌లో కొట్టే కోడ్‌ల నుంచే వస్తుంది.

కిందటి నెల వచ్చిన నివేదిక చూసే ఉంటావు. 2022-23లో నిరుద్యోగం 3.2 శాతం. 2018-19లో 5.8 ఉండేది. మధ్యలో కరోనా వచ్చి 2020-21లో జీడీపీ దాదాపు ఆరు శాతం పడిపోయింది. ఆ ఏడాది కూడా నిరుద్యోగం పెరగలేదు, 4.2కి దిగింది! ఇదేం లెక్క అని చాలామంది సర్వేనే తిట్టారు. సర్వే తప్పు లేదు. నాలుగు డబ్బులు వెనకేసుకున్నవాడే తగిన పని దొరికేదాకా ఆగగలడు. లేనివాడు ఊరికి తిరిగొచ్చి అన్న పొలంలో దిగుతాడు, లేదా తండ్రి కిరాణా కొట్లో కూర్చుంటాడు. వాడికి కోడ్ 21, అంటే ఇంటి వ్యాపారంలో జీతం లేని సహాయకుడు. లెక్కలో పని ఉన్నవాడే. పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద ఉన్నవాళ్లు 2018-19లో 42.5 శాతం, 2020-21 నాటికి 46.5. దేశం ముందుకు పోతుంటే ఈ అంకె ఇలా వెనక్కి నడవదు.

పైన చెప్పిన నిరుద్యోగం అంకెలు ఏడాది మొత్తంలో ఏం చేశారన్న లెక్క. అదే సర్వేలో గడిచిన ఏడు రోజుల్లో ఏం చేశారన్న వారం లెక్క కూడా ఉంది, అది చూడు. 2020 ఏప్రిల్-జూన్‌లో పట్టణాల్లో నిరుద్యోగం 20.8 శాతం. ఏడాది లెక్క అంత దెబ్బను కూడా మింగేసింది. అందుకే వారం ప్రశ్నల దగ్గర తొందరపడకు. ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఉపాధి ఉన్నట్టే రాస్తాం కాబట్టి, ఆ ఒక్క గంట ఉందో లేదో తేల్చాల్సింది నువ్వే. "పని ఉందా?" అంటే ఎవరైనా "ఏముందమ్మా, ఖాళీయే" అంటారు. నిన్న పొద్దున ఎక్కడికి పోయావు, మొన్న ఏం చేశావు అని వెనక్కి అడుగుతూ పో.

ఆడవాళ్ల దగ్గర ఇంకా ఓపిక కావాలి. "ఇంట్లోనే ఉంటా" అని చెప్పే ఆమె రెండు బర్రెల పాలు పిండి కేంద్రంలో పోస్తుంటుంది. ఇంటిపని అని 92 కొట్టి లేచి వచ్చావనుకో, ఆ పాలు లెక్కలో ఉండవు. మా జిల్లాలో ఇంటి అరుగు మీద బీడీలు చుట్టేవాళ్లు ఎందరో. చాట ఆమెది, తునికాకూ తంబాకూ కంపెనీవి, అయినా మన లెక్కలో ఆమె స్వయం ఉపాధి! ఈ నిర్వచనం నాకెప్పుడూ మింగుడు పడలేదు. కానీ అది మార్చడం నీ పని కాదు, నా పనీ కాలేదు.

పని చేస్తున్న లేదా పని వెతుకుతున్న మహిళల వాటా 2018-19లో 24.5 శాతం ఉంటే 2022-23లో 37 శాతానికి పెరిగిందని ఇప్పుడు సంబరం. కొంత నిజంగా మంచిదే కావచ్చు. కానీ పెరిగింది ఎక్కువగా పల్లెల్లో, సొంత పొలాల్లో. ఇల్లు గడవక దిగినవాళ్లే అందులో ఎక్కువని నా అనుమానం.

ప్రైవేటు టీచర్లు గుర్తున్నారా? బడులు మూతపడితే కూరగాయలు అమ్మారు, కరువు పనికి పోయారు. 2021 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వాళ్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. ఉపాధి హామీలో తట్ట మోసిన సారుకి కోడ్ 42. ఆయన కూడా నిరుద్యోగి కాదు.

ఇక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని గ్రూప్స్‌కి చదివే పిల్లలు. గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయ్యాక ఆ ఇళ్లలో ఎంత టెన్షన్ ఉందో నీకు చెప్పనక్కర్లేదు. తండ్రి "చదువుకుంటున్నాడమ్మా" అంటాడు. విద్యార్థి అని 91 కొట్టేయకు. దరఖాస్తులు పెడుతున్నాడా, పని ఇస్తే చేస్తాడా అని అడుగు. వీలైతే ఆ పిల్లాడినే ఫోన్‌లో పట్టుకో. వారం లెక్కలో చదువుకన్నా పని వెతకడానికే ప్రాధాన్యం, అప్పుడు 81, అంటే నిరుద్యోగి అవుతాడు.

ఇంత పట్టింపు ఎందుకంటే, డబ్బులు ఈ అంకెల వెంటే నడుస్తాయి. 2020-21లో ఉపాధి హామీకి బడ్జెట్‌లో పెట్టిన 61,500 కోట్లకు మరో 40,000 కోట్లు కలిపారు. ఈ ఏడాది బడ్జెట్‌లో పెట్టింది 60,000 కోట్లే. 3.2 శాతం ఒక్కటే చూస్తే ఈ కోత సబబే అనిపిస్తుంది. పనిచేసేవాళ్లలో 18.3 శాతం జీతం లేని సహాయకులని అదే నివేదికలో ఉంది, అది చూస్తే అనిపించదు. కోలుకోవడం నెమ్మదిగా సాగుతున్నప్పుడు చెయ్యి ముందే తీసేస్తే మళ్లీ పడేది ఈ 21 వాళ్లే.

ఊరికి ఎనిమిది ఇళ్లే ఇస్తారు, ఒక్కోటి వేల ఇళ్ల తరఫున మాట్లాడుతుంది. తాళం ఉందని పక్కింటికి పోకు, పొద్దున ఏడులోపో దీపాలు పెట్టాకో మళ్లీ వెళ్లు. రేషన్ కార్డు తీసేస్తారని భయపడి పని దాచేవాళ్లుంటారు. కార్డుతో నీకు సంబంధం లేదని ముందే చెప్పు, వాళ్ల పేరు బయటికి పోదని చెప్పు. పట్నంలో ఒకే ఇంటికి నాలుగుసార్లు వెళ్లాలి, మొదటిరోజు విసిగిస్తే రెండోసారి తలుపు తీయరు. సూపర్‌వైజర్ త్వరగా ముగించమంటే సరేనను, అనుమానం ఉన్న కోడ్‌కి మాత్రం రిమార్క్స్‌లో రెండు ముక్కలు రాయి. దసరాకి రాలేదు, సంక్రాంతికైనా రా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న