ఆ తోలు కోటు ఎవరు కుట్టారు నాయనా?

నాయనా,

నీ సినిమా స్క్రిప్టు నిన్న చేరింది. నలభై రెండు పేజీలు, స్పైరల్ బైండింగు, అట్ట మీద నువ్వే గీసుకున్న బొమ్మ. పదకొండు పేజీలు కదలకుండా చదివాను. పన్నెండో పేజీ తిప్పగానే కోపమొచ్చి లేచిపోయి టీ పెట్టుకున్నాను. ఆ కోపం పూర్తిగా దిగకముందే ఇది రాస్తున్నాను కాబట్టి రవంత ఓర్చుకో.

పదకొండో పేజీలో నీ విలన్ కాలనాగు పెళ్ళి భోజనానికి కూర్చున్నాడు. చిన్నప్పుడు తోతాపురి మామిడి తోపుల్లో కూలికి కాయలు కోసినవాడు. తొడిమ తుంచినప్పుడల్లా చిమ్మిన సొన వేళ్ళ సందుల్లో కాలి, మచ్చలు పడిపోయాయి. ఇప్పుడు మామిడి గుజ్జు తీసే రెండు పల్ప్ ఫ్యాక్టరీలకు ఓనరు, అయినా పంక్తిలో పక్కవాడికి కనబడకుండా ఎడమ చేయి అడ్డం పెట్టుకుని అన్నం కలుపుకుంటాడు. అది చదివి నేను కాసేపు ఆగిపోయాను. మా నాయన కూడా కొత్తవాళ్ళ ముందు చేతులు పంచె మడతలో దాచుకునేవాడు.

పేజీ తిప్పితే ఏముంది? చిత్తూరు బస్టాండు, మే నెల, మిట్టమధ్యాహ్నం. మోకాళ్ళు దాటిన నల్ల తోలు కోటు, లోహపు పాము ముసుగు, కళ్ళలో ఎర్ర లైట్లు, 'భయంకరమైన కాస్ట్యూమ్‌లో కాలనాగు ప్రవేశిస్తాడు'. మే నెలలో, చిత్తూరులో, తోలు కోటు! ఆ ముసుగులో వాడు ఉడికి చస్తాడు గదా, ఇంక హీరోతో పనేముంది?

నువ్వు ఏడాదిగా గీస్తున్న కామిక్‌లో వాడు అలాగే ఉంటాడని రాశావు. ఉండనీ, కాగితం మీద గుడ్డకు బరువుండదు, చెమట పట్టదు, జిప్పు పట్టేయదు. తెర మీదికి వచ్చేసరికి ఆ గుడ్డను ఎవడో కొనుండాలి, ఎవరో కుట్టుండాలి, రాత్రి విప్పి ఏదో కొక్కేనికి తగిలించుండాలి. కాబట్టి నీ విలన్ గురించి నేనడిగేది ఒకటే. వాడి బట్టలు ఎవరు కుట్టారు? దీనికి జవాబు చెప్పలేకపోతే వాడు నీకింకా తెలియనట్టే. ముప్పయ్యేళ్ళుగా ఎవరు కథ పంపినా ఇదే అడుగుతున్నాను, సగం మంది నాతో మాటలు మానేశారు.

నీకిష్టమైన సినిమాల్లోంచే చెబుతా. 1992లో వచ్చిన బ్యాట్‌మన్ రిటర్న్స్‌లో మిషెల్ ఫైఫర్ క్యాట్‌వుమన్ కదా, ఆ నల్ల సూటు ఎక్కడ్నుంచి వచ్చింది? ఇంట్లో ఉన్న నిగనిగలాడే నల్ల కోటు బయటికి లాగి, కత్తిరించి, తనే కుట్టుకుంటుంది. ఒళ్ళంతా తెల్లదారం కుట్లు కనబడుతూనే ఉంటాయి, కథ నడిచేకొద్దీ ఆ కుట్లు ఊడుతుంటాయి, మనిషీ అంతే. 2008 బ్యాట్‌మన్ సినిమా డార్క్ నైట్‌లో విలన్ జోకరును, అదే హీత్ లెడ్జర్ వేసినవాణ్ణి, పోలీసులు పట్టుకుని సోదా చేస్తే బట్టల మీద ఒక్క లేబుల్ కూడా దొరకదు, అన్నీ ప్రత్యేకంగా కుట్టించుకున్నవే. ఆ ఒక్క ముక్కతో వాడికి ఊరూ పేరూ లేదని తెలిసిపోయింది. అంతకుముందు దొంగల ముఠా నాయకుల దగ్గర తన సూటు మాటొస్తే అది మీ డబ్బుతో కొన్నదేనంటాడు! ఊదారంగు సూటు 1940లో జోకరు పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, దాన్ని మార్చలేదు. దానికి బిల్లెవరు కట్టారో మాత్రం చెప్పారు.

స్పైడర్‌మ్యాన్ విలన్ వల్చర్, అంటే రాబందు, వాడి సంగతి ఇంకా బాగుంటుంది. 1963 కామిక్‌లో బట్టతల ముసలాయన, ఆకుపచ్చ బట్టలు, మెడ చుట్టూ రాబందు ఈకలు. అదే 2017 సినిమాలో మైకేల్ కీటన్ దగ్గరికి వచ్చేసరికి వాడు శిథిలాలు ఎత్తే కాంట్రాక్టరు. పని పోయింది, ఏరుకున్న తుక్కుతోనే రెక్కలు చేయించుకున్నాడు. మెడ చుట్టూ ఈకల బదులు బొచ్చు కాలరున్న జాకెట్టు. పైలట్లు వేసుకునే రకం, పైకి ఎగిరేవాడికి చలేస్తుంది మరి. కామిక్ చదివినవాడికి రాబందు మెడ కనిపిస్తుంది, చదవనివాడికి జాకెట్టు కనిపిస్తుంది. నీ ముసుగుకు అలాంటి కారణం ఒక్కటి చెప్పు, ఒప్పుకుంటా. ఎక్స్-మెన్ కథల్లో విలన్ మాగ్నెటో నెత్తిన ఆ హెల్మెట్ ఎందుకుందో పిల్లవాడినడిగినా చెబుతాడు, మనసులోకి దూరే స్నేహితుణ్ణి బయటే నిలబెట్టడానికి.

ఈ తోలు జబ్బు ఎప్పుడు పట్టుకుందో నాకు తెలుసు. 2000లో ఎక్స్-మెన్ వచ్చింది, కామిక్‌లోని పసుపు బట్టలు పోయి అందరికీ నల్ల తోలు వచ్చింది, పైగా ఆ పసుపు మీద సినిమాలోనే ఒక జోకు. రంగంటే సిగ్గుపడే కాలం అది. మనవాళ్ళు ఆ సిగ్గును కూడా దిగుమతి చేసుకున్నారు, రేణిగుంటలో దిగిన ప్రతి విలన్‌కూ ఒక నల్లకోటు.

ముఖం కప్పేయడం ఇంకో తప్పు. 2002 స్పైడర్‌మ్యాన్‌లో విలన్ వేసిన విలెమ్ డఫో లాంటి ముఖాన్ని గట్టి ఆకుపచ్చ ముసుగులో పెట్టి మూశారు, అద్దం ముందు ముసుగు లేకుండా తనతో తనే మాట్లాడుకునే సీనే జనానికి గుర్తుండిపోయింది. 2021లో అదే మనిషి మళ్ళీ వచ్చి ఆ ముసుగును తన చేత్తోనే పగలగొట్టాడు. నాకు విజిలేయాలనిపించింది.

నువ్వు తిరుపతిలోనే చదువుతున్నావు, తాతయ్యగుంట గంగమ్మ జాతర చూడలేదంటే నమ్మను. పాలెగాడు ఆడవాళ్ళను చెరబడుతుంటే గంగమ్మ వాణ్ణి వెతుకుతూ రోజుకో వేషం కట్టింది. బైరాగికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటికి బొగ్గు, దొరకు చందనం. అన్నీ వీధి చివర కొట్లో దొరికేవే. ఒక్కో వేషం వాణ్ణి ఒక్కో రకంగా బయటికి రప్పించడానికి, ఆఖరికి దొర వచ్చాడనుకుని బయటికొచ్చి చచ్చాడు. మీసాలున్న మగాళ్ళు చీర కట్టుకుని మొక్కు తీర్చుకుంటుంటే ఎవరైనా నవ్వుతారా? 1966 నాటి టీవీ బ్యాట్‌మన్‌లో సీజర్ రొమెరో మీసం తీయనన్నాడు, దాని మీదే తెల్ల రంగు పూసి జోకరు చేశారు. క్లోజప్‌లో మీసం కనబడుతూనే ఉంటుంది. నాకతను మన జాతర మనిషిలాగే అనిపించాడు, అందుకే ఆ జోకరంటే కాస్త ప్రేమ జాస్తి.

నేను నేర్చుకున్నది సినిమాల్లో కాదులే. మా ఊరి ద్రౌపదమ్మ గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరిగేది, పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నాకప్పుడు పద్నాలుగేళ్ళు, వేషాల పెట్టె మోసే పని. దుర్యోధనుడు కట్టే ఆయన పగలంతా వేరుశనక్కాయలు ఒలిచేవాడు. రాత్రి నెత్తికి గుడ్డ చుట్టి, అద్దాలు అతికించిన చెక్క కిరీటం పెట్టి, తాడు బిగించి కట్టేవాళ్ళం. భుజకీర్తులు ఎంత వెడల్పంటే గుడిసె గడపలో అడ్డంగా తిరిగి బయటికి రావాలి. ఆయన తెర తీశాక నడిచే నడకకు జనం ఈలలు వేసేవాళ్ళు, ఏం రాజసం అని. ఒకరోజు పక్కనుంచి చూస్తే అర్థమైంది, మెడ తిప్పలేకపోతున్నాడు, అందుకే ఒళ్ళంతా తిప్పి చూస్తున్నాడు. తెల్లారి తాడు విప్పితే నుదుటి మీద వేలు పట్టేంత గాడి. ఆ గాడి మీద కొబ్బరినూనె రాస్తూ నన్ను చూసి, 'దుర్యోధనుడికి నిద్రొస్తావుంది అబ్బోడా' అన్నాడు.

తర్వాత ఒక వారపత్రికకు హత్య కథ రాశాను. హంతకుడు చొక్కాకు రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టుకున్నాడు, దొరికిపోయింది దానివల్లే. ఎడిటరుగారు 'బట్టల వర్ణన అనవసరం' అని ఆ పేరా కొట్టేశారు, చివర్లో గుండీ మాత్రం ఉంచేశారు. ఏ గుండీ అని పాఠకులు రాసిన పదిహేను ఉత్తరాలు నాకే పంపారు, జవాబులు మీరే రాసుకోండని. ఇంకోసారి ఒక సినిమా ఆఫీసులో, చిరుగుల బనీనూ మొలతాడుకు తాళాల గుత్తీ ఉన్న వడ్డీ వ్యాపారిని రాసిస్తే, తెల్ల సూటు తొడిగి చేతికి చుట్ట ఇచ్చారు. సగం డబ్బులిచ్చి మిగతాది రిలీజయ్యాక అన్నారు. సినిమా రిలీజ్ కాలేదు. రాత్రి బస్సులో తిరుపతికి వస్తూ, ఆ సూటు కుట్టిన టైలరుకు మాత్రం పూర్తిగా ముట్టుంటుందా అని ఆలోచించాను.

నువ్వడిగిన మిగతా ప్రశ్నలు, రిజిస్ట్రేషన్, ఏ ఫాంటు, ఎవరికి పంపాలి, నేను చెప్పగలిగేవి కావు. బడ్జెట్ గురించి అసలే అడగొద్దు.

ఆ కోటు తీసేయ్. కాలనాగుకు పల్ప్ ఫ్యాక్టరీ ఉంది, అక్కడ రబ్బరు ఏప్రన్లు ఉంటాయి, మోచేతుల దాకా గ్లౌజులు ఉంటాయి. మచ్చలు దాచుకునేవాడికి గ్లౌజు కన్నా ఏం కావాలి? పెళ్ళి పంక్తిలో ఆ గ్లౌజు తీయాల్సొచ్చే సీను నీకు ముందే ఉంది, నువ్వే రాశావు. ఒకసారి సీజన్‌లో ఏదైనా ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు వదిలేటప్పుడు నిలబడి చూసి రా. పన్నెండో పేజీ మళ్ళీ రాసి పంపు. పదకొండో పేజీలో అక్షరం ముట్టుకోవద్దు. ఈసారి ప్రింటు కాస్త పెద్ద అక్షరాల్లో తీయించు, భూతద్దం పెట్టుకుని చదవాల్సొచ్చింది.

మీ పెద్దాయన